లోపల వదిలిన గుడ్డ

ఫిబ్రవరి 9

షాపులో నిండిపోయిన కొలతల పుస్తకం పారేస్తుంటే ఇంటికి తెచ్చుకున్నాను. కాగితాలకి ముందు వైపు ఈ ఊరి వాళ్ళ నడుములూ చేతులూ ఉన్నాయి. వెనక వైపు ఖాళీ. ముందు వాళ్ళు, వెనక నేను. షాపులో కూడా అంతేగా.

ఐదో తరగతితో బడి మానినదాన్ని. తప్పులుంటే ఉంటాయి. చదివేదెవరు? ఆయనకి నా రాత చూస్తే కళ్ళు నొప్పెడతాయట.

ఇవాళ ఒక సన్నటావిడ గౌను కుట్టించుకుంటానని వచ్చింది. షాపావిడ ఫోన్లో మాట్లాడుతూ, నన్ను కొలతలు తియ్యమని సైగ చేసింది. నేను టేపు ఆవిడ నడుం చుట్టూ తిప్పానో లేదో, మీద బల్లి పడ్డట్టు ఎగిరింది. నా మొహం చూడలేదు. నా చేతులు చూసింది. చూసి, షాపావిడ వైపు తిరిగి, "ఈమె కాదు," అంది.

ఈ ఊరి భాష సగం విని సగం ఊహించుకుంటాను. నాకు గట్టిగా వచ్చినవి నలభై మాటలు. అందులో పది దారం రంగులు. మిగిలిన ముప్పైలోనే ఆ రెండు మాటలూ ఉండాలా?

షాపావిడ ఫోన్ పక్కన పెట్టి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ తనే కొలిచింది. నడుం ఇరవై ఎనిమిదని రాసింది. ముప్పై ఉంటుంది. నా కళ్ళకి టేపు అక్కర్లేదు, మా నాన్న మిషను కింద కూర్చుని పెరిగినదాన్ని.

నాకేమీ అనిపించలేదు. దాని నడుమూ అదీ.

ఫిబ్రవరి 10

చేతులకి మిషను నూనె ఏమైనా అంటిందేమోనని రెండుసార్లు కడిగాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 12

మిషను గదికీ ముందు గదికీ మధ్య ఆకుపచ్చ పరదా కట్టించింది షాపావిడ. గుమ్మం గంట మోగితే నేను పరదా ఇవతలే ఉండాలి. కొలతలు ఆవిడ తీసి, చీటీ మీద రాసి, పరదా సందులోంచి లోపలికి తోస్తుంది. చీటీ మీద పేరుండదు, వరస నంబరూ కొలతలూ ఉంటాయి.

తనకైతే ఏమీ లేదట. వచ్చేవాళ్ళ మనసులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయట. ఏమీ లేని ఆ మహాతల్లి, నాకు కత్తెర ఇవ్వాలంటే బల్ల చివర పెట్టి వెనక్కి జరుగుతుంది, కోడికి గింజలు వేసినట్టు.

తెల్ల గ్లవ్స్ కూడా తెచ్చింది. సిల్కు గుడ్డలు ముట్టుకునేటప్పుడు వేసుకోవాలట. అది నిజమే. సిల్కుకి గరుకు చేతులు పనికిరావు. ఆ మాటకొస్తే ఆవిడ చేతులు నావాటికన్నా గరుకు, అయినా ఆవిడకి గ్లవ్స్ లేవు. ఒక జతే దొరికిందేమో.

పరదా ఉంటే నాకే హాయి. వాళ్ళ మొహాలు చూడక్కర్లేదు.

ఫిబ్రవరి 15

ఆయనకి ఆఫీసులో పెద్ద పదవి ఇచ్చారు. ఏప్రిల్లో అందరికీ విందు ఉంటుందట, ప్రతివాళ్ళూ భార్యల్ని తీసుకొస్తారట. "అప్పుడు నిన్ను అందరికీ చూపిస్తాను," అన్నారు. ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలైంది, ఆయన ఆఫీసు గుమ్మం ఏ రంగో నాకు తెలియదు.

పెట్టె అడుగున ఉన్న ముదురు నీలం పట్టుచీర తీశాను. జాకెట్టు బిగుతైంది. వైపులా లోపల రెండంగుళాలు గుడ్డ వదిలి మూడు వరసలు కుట్టు వేసుకున్నాను కాబట్టి బతికిపోయాను. ఒక వరస విప్పితే చాలు. "ఇవాళ్టి ఒంటికి కుట్టేవాడు సగం దర్జీ, రేపటి ఒంటికి కూడా గుడ్డ వదిలేవాడు దర్జీ," అనేవాడు నాన్న.

షాపావిడకి ఇది అర్థం కాదు. కోటు వదులు తగ్గించమంటే, తగ్గించిన గుడ్డ లోపలే ఉంచి కుడతాను. అది చూసి కత్తెర తీసుకొస్తుంది. లావుగా తగులుతుందట, కత్తిరించి పారెయ్యాలట. వాళ్ళ పద్ధతి అదట. వీళ్ళెవరూ రేపు లావెక్కరు కాబోలు. నేను సరేనని తలూపుతాను. కత్తిరించను.

ఫిబ్రవరి 19

ఇంటావిడ కిందంతస్తులో ఉంటుంది. ఇవాళ బకెట్టూ చీపురూ నా చేతికిచ్చి మెట్లు కడగమంది. "మీ అయ్యగారికి చెప్పానులే, సరేనన్నారు," అంది.

కడిగాను. పద్దెనిమిది మెట్లు.

ఈ ఊళ్ళో మొగుణ్ణి కూడా అయ్యగారు అంటారేమో. ముసలావిడ, ఒంగలేదు, పాపం. మెట్లు కడిగితే నేనేమైనా కరిగిపోతానా?

ఫిబ్రవరి 20

ఆయన్ని అడుగుదామనుకున్నాను. తలనొప్పిగా ఉందన్నారు.

ఫిబ్రవరి 24

ఈ ఇల్లు దొరకడం ఎలాగో ఎక్కడా రాసుకోలేదు. మొదట ఇద్దరం కలిసి మూడిళ్ళు చూశాం. మూడిళ్ళలోనూ ఆయన్ని చూసి తలుపు బార్లా తీశారు. ఆయన వెనక నన్ను చూసి, నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నారు. ఆయన ఎర్రగా, పిల్లికళ్ళతో ఉంటారు. ఈ ఊరివాళ్ళు ఆయన్ని ఎక్కడివారో పోల్చుకోలేరు, ఆయన చెప్పరు. నేను పోల్చుకోవాల్సిన పనే లేకుండా ఉంటాను. పెళ్ళిచూపుల్లో అత్తయ్య, "నలుపైనా కళగల మొహం," అంది. ఆ కళ ఇక్కడ చెల్లలేదు.

నాలుగో ఇంటికి ఆయన ఒక్కరే వెళ్ళారు. వారం తర్వాత నన్ను చిన్న సంచితో రమ్మన్నారు. "మెల్లగా అలవాటు చేద్దాం," అన్నారు. కొత్త చెప్పులు అలవాటు చేసినట్టు.

ఇంటావిడకి నన్ను ఎవరని చెప్పారో నేను అడగలేదు. భార్యననే చెప్పి ఉంటారు. ఇంకేం చెబుతారు?

మార్చి 1

వీధిలో ఆయన నాకంటే పది అడుగులు ముందు నడుస్తారు. ఆయనది మొదటినుంచీ వేగం నడకే.

మొదట్లో పక్కనే నడిచేవారు. అప్పుడు కాలు బెణికి ఉండేది కాబోలు.

మార్చి 4

ఇస్త్రీ చేసే ఆవిడ గురించి రాయాలి. పరదా ఇవతల నాతో పాటు ఉండేది ఆవిడే. ఏ దేశమో, నోరు తిరగని పేరు. నాకన్నా నాలుగు చాయలు నలుపు. భారీ మనిషి. నవ్విందంటే ఇస్త్రీపెట్టె కదులుతుంది. పొద్దున్న ఇద్దరికీ టీ కాస్తుంది. నా కప్పు నేను దారాల పెట్టె వెనక దాచుకుంటాను. ఆవిడ తాగిన కప్పులో నేను తాగలేను. శుభ్రం విషయం అంతే, వేరే ఏమీ కాదు.

ఇవాళ ఆవిడ దారం కోసం పెట్టె జరిపింది, కప్పు కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన గుండెల మీద వేలు పెట్టుకుని, ఆ సన్నటావిడ గొంతుతోనే, "ఈమె కాదు," అంది.

అని, పడీ పడీ నవ్వింది. కప్పు మళ్ళీ అక్కడే పెట్టేసింది.

మొద్దు మనిషి. దానికీ దీనికీ పోలికేమిటి?

మార్చి 5

పోలికేమిటి.

మార్చి 6

కప్పు దారాల పెట్టె ముందుకి తెచ్చి పెట్టాను. ఆవిడ అందులో టీ పోసుకుని తాగేసింది. నా వైపు చూడను కూడా లేదు. ఆవిడ కప్పులో నేను తాగాను. అంతే, ఆకాశం విరిగి మీద పడలేదు.

మార్చి 11

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది. జనం నిలబడే వస్తారు. నాకు మంచిదే, సంచి పెట్టుకోవచ్చు. కానీ ఈమధ్య నేనే లేచి నిలబడుతున్నాను, ఎవరూ చెప్పకుండానే. ఎందుకు లేచానో తర్వాత ఆలోచిస్తే తెలియదు. కాళ్ళు వాటంతట అవే లేస్తాయి.

కూరలవాడి దగ్గర అడగాల్సిన మాట ఇంటి దగ్గర పదిసార్లు అనుకుని వెళతాను. తీరా అక్కడ వేలితో చూపిస్తాను. ఇంటికొచ్చాక ఆ మాట గట్టిగా అంటాను, గోడతో. గోడ బాగానే వింటుంది. ఈ ఊళ్ళో మర్యాద తెలిసింది దానికొక్కదానికే.

చేతులు పగుళ్ళిచ్చాయి. సబ్బు మంచిది కాదు.

మార్చి 14

షాపావిడ ఒక చిన్న పొట్లం ఇచ్చింది. విప్పితే సువాసన సబ్బు. షాపుకొచ్చే వాళ్ళెవరో ఇచ్చారట, తనకి పడదట, నాకైతే "ఉపయోగపడుతుందని" ఇచ్చిందట. ఆవిడ పెద్ద మనసుకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి.

అవతల పారేద్దామనుకున్నాను.

దాంతోనే స్నానం చేశాను. రెండుసార్లు. ఇది రాయకుండా ఉండాల్సింది.

మార్చి 17

విందు గురించి అడిగాను. ఈసారి ఆడవాళ్ళు రావడం లేదట, మగవాళ్ళకేనట. వార్త చెబుతూ ఆయన చొక్కా గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నారు, విప్పి మళ్ళీ పెట్టుకున్నారు.

పోనీలే. నీలం చీర మడత పెట్టి పెట్టెలో పెట్టాను. జాకెట్టు కుట్టు విప్పినది విప్పినట్టే ఉంది. మళ్ళీ వేసుకోవాలి.

మార్చి 20

ఈ మధ్యాహ్నం పరదా సందులోంచి చీటీ వచ్చింది. రెడీమేడ్ కోటు, మగవాళ్ళది, వీపూ నడుమూ బిగించాలి. భుజం పదిహేడున్నర. చెయ్యి ఇరవై మూడు ముప్పావు. కుడి భుజం ముప్పావంగుళం కిందికి. నడుం ముప్పై నాలుగు.

చీటీ పట్టుకుని కూర్చున్నాను. ఈ భుజం నాకు తెలుసు. చిన్నప్పుడు కొట్లో బస్తాలు మోసి జారిన భుజం. పెళ్ళయిన రెండేళ్ళుగా ప్రతి చొక్కాకీ కుడివైపు ముప్పావంగుళం కిందికి గీస్తూనే ఉన్నాను, బయటికి తెలియకుండా. చెయ్యి సరిగ్గా అంతే. నడుం ఒక్కటే కలవలేదు. నా మనిషిది ముప్పై ఆరు. అందుకని, ఎవరో అలాంటి భుజమే ఉన్న ఇంకొకడు అనుకున్నాను. ఒక నిమిషం పాటు అలా అనుకున్నాను.

తర్వాత నవ్వు వినిపించింది.

ఆయనతో వచ్చినాయన ఆఫీసులో పై అధికారి అయి ఉండాలి, మాటలో ఆ బరువుంది. పరదా దాటి చుట్ట కంపు లోపలికి కొట్టింది. ఆ చుట్ట దొర షాపావిడని అడిగాడు: "పరదా వెనక ఎవర్ని పెట్టావు? మసాలా డబ్బా మూత తీసినట్టుందే." పొద్దున్నుంచీ నేను టీ తప్ప ఏమీ ముట్టుకోలేదు. షాపావిడ నవ్వింది. చుట్ట దొర నవ్వాడు. మూడో నవ్వు ముక్కుతో మొదలై, గొంతులోకి దిగి, దగ్గుతో ఆగింది. ఆ నవ్వుతో రెండేళ్ళు కాపురం చేశాను.

అప్పుడు చుట్ట దొర, "విందుకి మీ ఆవిణ్ణి తెస్తున్నావుగా? మా ఆవిడ చూడాలంటోంది," అన్నాడు.

"ఆవిడ ఇంకా మా దేశంలోనే ఉంది. రాలేదు," అన్నాడు నా మొగుడు.

భార్య, దేశం, రాలేదు. మూడూ నాకొచ్చిన మాటలే. ఇంత కష్టపడి నేర్చుకోకుండా ఉండాల్సింది.

మార్చి 21

అతనికి తెలియదేమో. అది నా షాపని తెలియక వచ్చాడేమో. పై అధికారి తీసుకొస్తే కాదనలేక వచ్చి ఉంటాడు.

సాయంత్రం అయ్యేసరికి ఆ మాట కూడా నిలవలేదు. రోజూ పొద్దున్న సందు మొగ దాకా దింపుతాడు. ఆకుపచ్చ పరదా సంగతి అది కట్టిన రోజే చెప్పాను. "మంచిదేలే, ప్రశాంతంగా పనిచేసుకోవచ్చు," అన్నాడు.

మార్చి 22

విందుకి కోటు కొన్నానని తనే అన్నాడు. "బిగించడానికి ఎక్కడ ఇచ్చారు?" అన్నాను, గిన్నె కడుగుతూ, వెనక్కి తిరక్కుండా.

"ఆఫీసు దగ్గర ఏదో షాపులే."

"బాగా కుడతారా?"

"అక్కడ మనుషులు కుట్టరు. అంతా మిషన్లే."

గిన్నె మళ్ళీ కడిగాను. అబద్ధం చెప్పడం కూడా చేతకాదు ఈ మనిషికి. కాస్త మంచి అబద్ధానికి కూడా నేను తగనా?

మార్చి 24

ఎవరి మీదా నాకు కోపం లేదు. కోపం రావాలంటే అవతలివాడు ఒక మనిషి పొడుగుండాలి.

ఇంటావిడకి ఏం చెప్పి ఉంటాడో ఇప్పుడు తెలుసు. ఎప్పుడూ తెలుసు. పద్దెనిమిది మెట్లూ తెలిసే కడిగాను.

మార్చి 25

కోటు పని మొదలుపెట్టాను. నడుం ముప్పై నాలుగని ఎందుకొచ్చిందో అర్థమైంది. చుట్ట దొర ముందు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడి ఉంటాడు. ఇంట్లో బెల్టు తీయగానే ఉస్సూరంటూ బయటికి వచ్చే పొట్ట అది. టేపుకి కూడా అబద్ధం చెప్పాడు.

చీటీ ప్రకారం ముప్పై నాలుగుకే, విప్పడానికి వీలుగా టాకాలు వేశాను. కానీ బిగించిన గుడ్డంతా లోపలే ఉంచాను, వీపు కుట్టులోనూ వైపుల్లోనూ కలిపి రెండంగుళాలకి పైనే. కుడి భుజం కింద దూది మెత్త పెట్టాను, రెండు భుజాలూ సమంగా కనిపించేలా. మెత్త పెట్టకుండా వదిలేద్దామని ఒకసారి అనిపించింది. ఆ వంకరతోనే విందులో నిలబడతాడు, అందరూ చూస్తారు.

చెయ్యి వినలేదు. వంకర భుజానికి మెత్త పెట్టకపోతే అది కుట్టుపని కాదు. మొగుడు ఎలాంటివాడైనా నాన్న నేర్పిన పని పాడు చెయ్యను.

ఆ లోపలి గుడ్డ ఎందుకు వదిలానో మాత్రం నన్ను నేను అడగలేదు. రేపటి కోసం. ఏ రేపు?

మార్చి 27

రేపు ట్రయల్. ఒకవేళ పరదా పక్కకి జరిపి లోపలికి చూసి, "ఇదిగో, ఈవిడే," అంటే?

ఒట్టి పిచ్చి. అయినా రాసుకున్నాను.

మార్చి 28

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. చుట్ట దొరకి తన ప్యాంట్లు తీసుకునే పని ఉంది. షాపావిడ నా మొగుడికి కోటు తొడిగింది. టాకాల మీదున్న కోటు తొడగడం చేతకావాలి. ఆవిడ కుడి వైపు లాగింది, మెత్త జారింది, వీపు మీద గుడ్డ ఒంటె మూపురంలా లేచింది. గుండుసూదులు గుచ్చింది, మూపురం మెడ మీదికెక్కింది. నేను పరదా సందులోంచి చూస్తున్నాను. అతను ఊపిరి బిగపట్టుకుని, భుజాలు చెవుల దాకా లేపి, వర్షంలో తడిసిన కోడిలా నిలబడ్డాడు. కోటు ఎలా కుదురుతుంది?

చుట్ట దొర గడియారం చూసుకున్నాడు. షాపావిడ మొహం ఎర్రబడింది. పరదా దగ్గరికొచ్చి గుసగుసగా, "ఏం చెయ్యాలో చెప్పు," అంది.

చెప్పడానికి నా దగ్గర అన్ని మాటలెక్కడివి? చేతులున్నాయి. గ్లవ్స్ వేసుకుని గుండుసూది పట్టుకోవడం కుదరదు. గ్లవ్స్ తీసి మిషను మీద పెట్టాను, పరదా పక్కకి జరిపి బయటికొచ్చాను.

చుట్ట దొర ఒక అడుగు వెనక్కి వేశాడు. షాపావిడ నోరు తెరిచింది. నా మొగుడు ఎదురుగా అద్దంలోకి చూశాడు, అద్దంలో నన్ను చూశాడు. నేనూ చూశాను. అప్పుడు కూడా టైముంది. ఒక్క మాట చాలు.

నేను వెనక నిలబడి కుడి భుజం మీద చెయ్యి వేశాను. రాయిలా ఉంది. ఇంట్లో ప్రతి చొక్కా కొలిచేటప్పుడు అనే మాటే, మన భాషలో, నెమ్మదిగా అన్నాను.

"ఏవండీ, భుజం వదలండి. బిగపట్టకండి."

భుజం దిగింది. ఎప్పటిలాగే, మెల్లగా, ముప్పావంగుళం కిందికి వచ్చి నా అరచేతిలో ఆగింది. వీపు మీద మూపురం పోయింది. కోటు నీళ్ళలా జారి కుదురుకుంది.

చుట్ట దొర మా ఇద్దరినీ చూశాడు. "ఏమంది? ఆమె మాట నీకు అర్థమైందా?" అని అడిగాడు.

"లేదు," అన్నాడు. ముక్కుతో నవ్వాడు. "వాళ్ళ భాష నాకేం తెలుసు?"

నా చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. మళ్ళీ రాయి అయింది.

నేను గుండుసూదులు నాలుగూ ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాను. ఒక్కటి కూడా చర్మానికి తగలలేదు. కోటు విప్పి చేతిమీద వేసుకుని, పరదా ఇవతలికి వచ్చాను. మిషను మీద ఆఖరి కుట్టు వేశాను, గట్టి దారంతో, రెండు వరసలు. తర్వాత కోటు తిరగేసి, పెద్ద కత్తెర తీసుకుని, లోపల వదిలిన గుడ్డ కత్తిరించాను. వీపు పొడుగూతా. తర్వాత ఎడమ వైపు, తర్వాత కుడి వైపు. కుట్టుకి పావంగుళం ఉంచి మిగతాదంతా. ముక్కలు కింద చెత్తబుట్టలో పడ్డాయి.

షాపావిడ పరదా జరుపుకుని లోపలికి వచ్చింది. తిట్టడానికే వచ్చినట్టుంది. కత్తిరించిన అంచులు చూసి ఆగిపోయింది. వేలితో తడిమి చూసింది. "ఇన్నాళ్ళకి మా పద్ధతి వచ్చింది నీకు," అంది.

వచ్చింది.

వాళ్ళు వెళ్ళిపోయాక ఇస్త్రీ ఆవిడ పెట్టె నిలబెట్టి నా దగ్గరికొచ్చింది. మొత్తం చూసింది. ఈసారి నవ్వలేదు. "మీ భాష అతని నోటికి రాదేమో గాని, భుజానికి బాగా వచ్చు," అంది. టీ కప్పులో పోసిచ్చింది. ఎవరి కప్పో నేను చూసుకోలేదు.

అదే రోజు, సాయంత్రం

ఇంటికి వచ్చాడు. కోటు గోడకి తగిలించాడు. చాలాసేపు దానికేసి చూశాడు.

"ఎందుకొచ్చావు ముందుకి?" అన్నాడు.

అదీ అతను అడిగింది. అది తప్ప ఇంకేమీ కాదు.

నేను బియ్యం కడుగుతుంటే తనే చెప్పుకుపోయాడు. కొత్త పదవట. వాళ్ళు అతన్ని వేరే ఏదో దేశం వాడనుకున్నారట, తను చెప్పలేదు గాని కాదని కూడా అనలేదట. ఇప్పుడు ఉన్నట్టుండి చెబితే మోసం చేశాడనుకుంటారట. కొన్నాళ్ళు ఓర్చుకుంటే అన్నీ సర్దుకుంటాయట. "నా పరిస్థితి నీకు తెలియదు," అన్నాడు.

"తెలుసు. ముప్పై నాలుగు," అన్నాను.

అర్థం కాలేదు. పాపం, పెద్ద పదవి వాడు.

మార్చి 30

ఇంటావిడ బకెట్టు తెచ్చింది. నేను అతని భార్యనని చెప్పాను. ఇంటి దగ్గర గోడతో ఇరవైసార్లు అనుకున్న మాట, తప్పు లేకుండా వచ్చింది.

నవ్వింది. నమ్మలేదు. బకెట్టు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

బకెట్టు అక్కడే ఉంది. మెట్లూ అక్కడే ఉన్నాయి. నేను లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

ఏప్రిల్ 2

సబ్బు పారేశాను. సగం అరిగింది. చేతుల పగుళ్ళకి కొబ్బరినూనె రాశాను. మిషను నూనె కాదని తెలిసి కూడా రెండు నెలలు కడిగాను ఈ చేతుల్ని. వీటికన్నా శుభ్రమైనవి ఈ వీధిలో లేవు.

బస్సులో కూర్చున్నాను. కాళ్ళు లేవబోయాయి. సంచి ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టుకున్నాను. పక్క సీటు ఖాళీగానే ఉంది, చివరిదాకా. దానికి నేనేం చెయ్యను?

ఏప్రిల్ 5

ఇవాళ విందు. మగవాళ్ళకి మాత్రమే అయిన విందు. పక్క వీధిలో ఉండే అతని ఆఫీసు మనిషి భార్య తల దువ్వించుకుని పువ్వు రంగు గౌనుతో కారెక్కుతుంటే కిటికీలోంచి చూశాను. ఆ గౌను అంచు కుట్టింది నేనే.

అతను అద్దం ముందు కోటు వేసుకున్నాడు. చాలా బాగుంది. అబద్ధం ఎందుకు, అలాంటి కోటు ఈ ఊళ్ళో ఎవడికీ ఉండదు. రెండు భుజాలూ త్రాసు తట్టల్లా సమంగా ఉన్నాయి. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, తనని చూసి తనే మురిసిపోయాడు.

తర్వాత బూట్లు వేసుకోవడానికి కుర్చీలో కూర్చున్నాడు. లేసు కట్టుకోబోయి ఒంగాడు, సగంలో ఆగిపోయాడు. లేచి నిలబడ్డాడు. గుండీ విప్పి ఊపిరి వదిలాడు, మళ్ళీ పెట్టుకోబోయాడు. అందలేదు. పొట్ట పీల్చుకుంటే అందింది.

నీలం చీర తీసి ఒళ్ళో వేసుకుని జాకెట్టు కుట్టుకుంటూ నేను మంచం మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళకి నా దగ్గరికొచ్చాడు. కోటు విప్పి నా ముందు పట్టుకున్నాడు, పిల్లాడు చిరిగిన గాలిపటం పట్టుకున్నట్టు.

"కొంచెం బిగుతుగా ఉంది. ఓ అంగుళం వదులు చెయ్యవూ? నువ్వు ఎప్పుడూ లోపల వదులుతావుగా."

ఎప్పుడూ వదులుతానని తెలుసు. ఇన్నేళ్ళు వేసుకున్న ప్రతి చొక్కాలోనూ ఉందని తెలుసు.

సూదిలోంచి దారం తెంపి అతని వైపు చూశాను.

"లోపల గుడ్డ లేదండీ," అన్నాను.

కోటు తిరగేసి చూశాడు. కత్తిరించిన అంచుల మీద వేలు పెట్టాడు. కింద కారు హారన్ మోగింది. పొట్ట పీల్చుకుని, గుండీ పెట్టుకుని, ఊపిరి బిగపట్టుకుని మెట్లు దిగాడు.

నేను కడిగిన మెట్లే.